చికెన్‌లో బ్యాక్టీరియా ఉందో లేదో స్ట్రిప్పుతో తెలిసిపోతుందా?

ప్రశ్న: మాది గాజువాక. నేనూ మా తోడికోడలూ కలిసి నాలుగేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. ఆదివారం పదిహేను కేజీల చికెన్ వండుతాం. పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మా దగ్గర కూర పట్టుకెళ్లిన వాళ్లింట్లో ఇద్దరు పిల్లలకీ వాళ్లమ్మకీ అర్ధరాత్రి నుంచి ఒకటే వాంతులు. జ్వరం లేదు, మర్నాడు సాయంత్రానికి తేరుకున్నారు. మధ్యాహ్నం మాత్రమే తిని స్టీల్‌ప్లాంట్‌లో సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లిపోయిన ఆయనకి ఏమీ కాలేదు. అయినా వీధిలో మా పేరు పోయింది. చికెన్‌లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందో లేదో 15 నిమిషాల్లో చెప్పే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో చూశాను. అవి కొని రోజూ చూసుకోవచ్చా? లేక చికెన్ కొట్టే మార్చేయాలా? నాటుకోడి అయితే ఈ గొడవ ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ స్ట్రిప్పుల డబ్బా కొనకండి. డబ్బు దండగ అని మాత్రమే కాదు, మీ వంటింట్లో అది ప్రమాదం కూడా. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, కానీ నాలుగేళ్ల కష్టం మీద మాట పడిన మనిషికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేదు.

నేను ఈ ఊళ్లోనే ఆహార పరీక్షల ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. విశాఖ నుంచి రొయ్యలు విదేశాలకు వెళ్తాయి కదా, వాటికి సాల్మొనెల్లా పరీక్ష లేకుండా కుదరదు, అందుకని మొదట్లో మా బల్ల మీద అన్నీ రొయ్యలే. చికెన్ తర్వాత వచ్చింది. రొయ్య అయినా కోడి అయినా పద్ధతి ఒకటే, అది తెలిస్తే స్ట్రిప్పు సంగతి మీకే అర్థమవుతుంది.

25 గ్రాముల మాంసం తీసుకుంటాం. పెద్ద ప్లాంట్ల నుంచి వచ్చే కోడి అయితే మెడ దగ్గర చర్మం అడుగుతాం, ఎందుకంటే అక్కడ కోడిని కాళ్లకు వేలాడదీస్తారు, పైనుంచి కారే నీళ్లన్నీ చివరికి చేరేది మెడకే. ఆ 25 గ్రాములనీ 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీళ్లలో, అంటే బ్యాక్టీరియాకి మేత కలిపిన నీళ్లలో, కలిపి 37 డిగ్రీల దగ్గర దాదాపు 18 గంటలు ఉంచుతాం. చలికో, క్లోరిన్ నీళ్లకో దెబ్బతిని నీరసించిపోయిన క్రిములు ఉంటాయి, వాటికి ముందు కాస్త గంజి పోసి లేపాలన్నమాట. తర్వాత అందులోంచి చుక్క తీసి సాల్మొనెల్లాకి తప్ప మిగతావాటికి పెద్దగా గిట్టని ద్రావణంలో 41.5 డిగ్రీల దగ్గర ఇంకో 24 గంటలు. ఆ తర్వాత ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రటి జెల్లీ పోసిన ప్లేటు మీద గీసి మళ్లీ ఒక రోజు. మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తలుపు తీసి ప్లేటుని వెలుతురుకి పట్టుకుంటే, సాల్మొనెల్లా ఉన్న ప్లేటు మీద చేప కళ్లలా నల్ల చుక్కలు కనబడతాయి, మధ్యలో నలుపు, చుట్టూ పల్చటి అంచు. అది వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు జెల్లీలోని ఇనుముతో కలిసి అలా నల్లబడుతుంది. ఎన్ని వందల ప్లేట్లు చూసినా ఆ చుక్కలు కనబడిన రోజు నాకు ఒక్క క్షణం గుండె ఆగేది. అంతటితోనూ అయిపోదు, వేరే బ్యాక్టీరియా కూడా అలాగే నల్లగా కనబడి మోసం చేస్తుంది, అందుకని ఇంకో రెండు మూడు పరీక్షలు చేసి ఖాయం చేసుకోవాలి. మొత్తం కలిపి నాలుగైదు రోజులు.

పీసీఆర్ అని ఇంకోటి ఉంది, కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష కుటుంబంలోదే. సాల్మొనెల్లాకి ఉండే ఒక ప్రత్యేకమైన జన్యువుని వెతికి పట్టుకుంటుంది, ఫలితం ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. కానీ దానికి కూడా ముందు ఆ గంజి పోసి పెంచే మెట్టు తప్పదు. ఒక కోడి మీద సాల్మొనెల్లా ఉన్నా చాలాసార్లు అవి వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉంటాయి, పెంచకపోతే ఏ యంత్రానికీ కనబడవు. అదీగాక పీసీఆర్ చచ్చిన క్రిమి జన్యువుని కూడా పట్టుకోగలదు, పెంచితేనే బతికున్నదెవరో తేలుతుంది.

ఇప్పుడు మీ స్ట్రిప్పు దగ్గరికి వద్దాం. ప్రెగ్నెన్సీ టెస్టు కిట్‌లో గీత వచ్చినట్టే ఇందులోనూ గీత వస్తుంది. అయితే ఆ గీత రావాలంటే మిల్లీలీటరుకి సుమారు లక్ష నుంచి పది లక్షల క్రిములు ఉండాలి. చికెన్ కడిగిన నీళ్లలో స్ట్రిప్పు ముంచితే గీత రాదు, మీరు హమ్మయ్య అనుకుని వంట మొదలుపెడతారు, కానీ ఆ ‘లేదు’కి అర్థమే లేదు. 15 నిమిషాలు అని అట్ట మీద రాసేది చివరి మెట్టు గురించి. అంతకుముందు ఒక పగలూ రాత్రీ పెంచాలని లోపలి కాగితంలో ఉంటుంది. మరి పెంచితే? అక్కడే నా భయమంతా. సాల్మొనెల్లా ఉన్న ముక్కని సీసాలో వేసి వెచ్చగా పెట్టి కోట్లకొద్దీ పెంచుతున్నారన్నమాట, అదీ రోజూ వంద మందికి కూర వండే చోట. ల్యాబుల్లో ఆ సీసాల్ని 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి చంపి గానీ బయట పారేయం. మీరు సింకులో ఒంపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. దయచేసి ఆ పని చేయకండి.

ఇంకో లెక్క చెబుతాను. ఒక కొట్లో పది కోళ్లలో ఒకదాని మీద సాల్మొనెల్లా ఉందనుకుందాం. మీరు ఒక్క కోడిని పరీక్షకి పంపితే వందకి తొంభైసార్లు ‘లేదు’ అనే వస్తుంది. ఐదు కోళ్లు పంపినా వందకి 59 సార్లు ఐదూ ‘లేదు’ అనే వస్తాయి. ల్యాబు తప్పు చేసి కాదు, మనం పంపిన కోడి అది కాదు కాబట్టి. అందుకే ఒక్క నెగెటివ్ రిపోర్టు ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించే కొట్లని చూస్తే నాకు బాధేస్తుంది, వాళ్లూ నమ్ముతారు, కొనేవాళ్లూ నమ్ముతారు.

వాసన గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘వాసన రాలేదండీ, ఫ్రెష్షే’ అని అందరూ అంటారు. మాంసం కుళ్లబెట్టి జిగురు, కంపు తెచ్చే బ్యాక్టీరియా వేరు, మనిషిని మంచాన పడేసేది వేరు. కంపు కొట్టే చికెన్‌ని ఎలాగూ పారేస్తాం. సాల్మొనెల్లా ఉన్న చికెన్ గులాబి రంగులో నిగనిగలాడుతూ ఉండొచ్చు, అది ఉన్న కోడి కూడా చలాకీగా దాణా తింటూ తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని పేగుల్లో అది మామూలుగా కాపురం ఉంటుంది, చాలావరకు కోడికి జబ్బు చేయదు.

ఒకసారి మా ఇంటికి తెచ్చుకున్న ఆదివారం చికెన్‌లోంచే కాస్త తీసి ల్యాబులో పెట్టాను. ఐదో రోజుకి పాజిటివ్ అని తేలింది. మిగతా చికెన్ ఆ ఆదివారమే వండుకుని తినేశాం, మా అత్తగారికి అప్పుడు డెబ్భై ఏళ్లు, మా చిన్నాడికి ఆరు. ఎవరికీ ఏమీ కాలేదు. కూర కుతకుతా ఉడికింది, పచ్చి చికెన్ తాకిన చేతులూ చాకూ వేరే దేనికీ తగల్లేదు, అంతే. ఆ రోజు నుంచి నేను అందరికీ ఇదే చెబుతున్నాను: పరీక్ష అనేది కొట్టు అలవాట్లు ఎలా ఉన్నాయో చెప్పడానికి, ఈ పూట కూరని కాపాడేది మీ పొయ్యీ మీ చేతులూ మీ గడియారమూ.

గడియారం అన్నాను కదా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అదే. మధ్యాహ్నం తిన్నాయన బాగానే ఉన్నారు. కూర రాత్రి మళ్లీ తిన్న ముగ్గురికీ వాంతులయ్యాయి. మీరు రాయలేదు గానీ, ఆ కూర ఒంటిగంట నుంచి రాత్రి దాకా డైనింగ్ టేబుల్ మీదే మూతపెట్టి ఉండిపోయి ఉంటుందని నా అనుమానం. జ్వరం లేకుండా, తిన్న రెండు మూడు గంటల్లో హఠాత్తుగా వాంతులు మొదలై, ఒక్క రోజులో తగ్గిపోయాయంటే అది సాల్మొనెల్లా లక్షణం కాదు. సాల్మొనెల్లా సాధారణంగా ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు బయటపడుతుంది, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, నాలుగు నుంచి వారం రోజులు సతాయిస్తుంది. మీరు చెప్పినది ఎక్కువగా స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషంలా ఉంది. ఇది కోడిలోంచి రానక్కర్లేదు. మన ముక్కులో, చర్మం మీద, వేలికి తెగిన గాయంలో, సెగ్గడ్డలో ఉంటుంది. ఉడికిన కూరలో ఎవరి వేలో, గరిటో పెట్టాక, వెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అది పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. అంటే రాత్రి వాళ్లు కూర బాగా వేడి చేసుకుని తిన్నా ఉపయోగం లేదు. రోగిని చూడకుండా, మిగిలిన కూరని పరీక్షించకుండా ఇదే అని ఖాయంగా చెప్పలేం, కానీ ఒకటి మాత్రం నిజం, మీరు పచ్చి చికెన్‌కి సాల్మొనెల్లా స్ట్రిప్పు పెట్టి ఉన్నా ఆ రాత్రి జరిగింది ఆగేది కాదు.

మన ఊరి ఉక్కపోతలో ఇది ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. అనుకూలంగా ఉంటే ఒక బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకి రెండవుతుంది. ఏడు గంటలకి ఇరవై ఒక్కసార్లు రెట్టింపు, ఒక్కటి కాస్తా ఇరవై లక్షలు దాటుతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ ఈ పెరుగుదల కాస్త వేగంగానో మెల్లగానో నడుస్తూనే ఉంటుంది. అందుకని కూర 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి, మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మీరు గిన్నె స్టవ్ మీద సిమ్‌లో పెట్టి అమ్ముతుంటే సరే. పొద్దున్న వండి మూతపెట్టి మధ్యాహ్నం దాకా గచ్చు మీద పెడుతుంటే ఈ రోజే మానేయండి. పార్సిల్ కవర్ మీద ‘రెండు గంటల్లో తినండి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి’ అని చిన్న స్టిక్కర్ అంటించండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

స్ట్రిప్పులకి పెట్టే డబ్బుతో పుల్లలా గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. ఎముక పక్కన దళసరి చోట గుచ్చితే 75 డిగ్రీలు చూపించాలి. మరిగే కూరకి దీనితో పెద్దగా పని ఉండదు, ఫ్రై ముక్కలకీ లెగ్ పీసులకీ దమ్ బిర్యానీకీ మాత్రం చాలా అవసరం, ముఖ్యంగా ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన ముక్కలు తీసి నేరుగా నూనెలో వేసినప్పుడు, పైన ఎర్రగా వేగిపోయి లోపల పచ్చిగా ఉంటుంది.

కడగడం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగితే సాల్మొనెల్లా పోదు. కుళాయి కింద ధారగా కడిగితే తుంపరలు పక్కనే ఉన్న కొత్తిమీర మీదా, తరిగిన ఉల్లిపాయల మీదా, మీ చీర కొంగు మీదా పడతాయి. కొత్తిమీర దింపేముందు పైన జల్లుతారు కదా, అది ఉడకదు. రక్తం, ఈకల ముక్కలు ఉన్నాయి కాబట్టి కడగకుండా వండమంటే మనవాళ్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. ఒక గిన్నెలో నీళ్లు పోసి అందులోనే మెల్లగా జాడించి, ఆ నీళ్లు నెమ్మదిగా ఒంపేసి, చేతులూ సింకూ సబ్బుతో తోమి, తర్వాత పది లీటర్ల బకెట్‌కి చిన్న చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో తుడవండి. సబ్బుతో తోమకుండా ముందే బ్లీచింగ్ పోస్తే జిడ్డూ రక్తమూ దాని బలాన్ని తినేస్తాయి. పచ్చి మాంసానికి ఒక పలక, కూరగాయలకి ఇంకొకటి, రంగులు వేరుగా కొనుక్కోండి.

కొట్టు మార్చాలా అన్నారు. పేరు చూసి మార్చకండి, ఒక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి వెళ్లి పావుగంట పక్కన నిలబడి చూసి నిర్ణయించుకోండి. మా సందు చివర ఒక కొట్టు ఉండేది, పేరు వద్దులెండి. ముక్కలు కొట్టే మొద్దు నడుమ అరచేయి పట్టేంత గుంత పడి అందులో నీళ్లు నిలిచేవి. పొట్ట చీల్చి పేగులు లాగిన చాకుతోనే స్కిన్‌లెస్ ముక్కలు కొట్టేవాడు. భుజం మీది తుండుగుడ్డతోనే మొద్దు తుడిచి, దాంతోనే చేతులు తుడుచుకుని, ఆ చేత్తోనే చిల్లర ఇచ్చేవాడు. ఈకలు పీకే మెషీన్‌లో ఒక కోడి తర్వాత ఇంకో కోడి పడుతూనే ఉండేది, వేడినీళ్ల టబ్బు పొద్దుట్నుంచీ మార్చిన జాడలేదు. పేగుల్లో ఉన్నది మాంసం మీదకి వచ్చేది సరిగ్గా ఈ చోట్లలోనే. ఒక కోడిది పది కోళ్లకి అంటుతుంది. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు, మెల్లగా చెబితే చాకు మార్చాడు. మీరు వారానికి పదిహేను కేజీలు కొనే గిరాకీ, మీ మాట వింటారు. ముందే కొట్టి ఫ్యాన్ కింద కుప్పపోసినవి వద్దని, మీ ఎదురుగానే కొట్టమనండి, కందనకాయ, లివర్ వేరే కవర్లో ఇమ్మనండి, ఐస్ వేసిన డబ్బాలో ఇంటికి తెచ్చుకోండి.

ల్యాబు పరీక్ష అసలు వద్దా అంటే, కావాలి, కానీ వేరే రకంగా. మన ఊళ్లో ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపూ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) గుర్తింపూ ఉన్న ల్యాబుకి ఫోన్ చేసి, మాంసానికి మైక్రోబయాలజీ పరీక్ష వాళ్ల గుర్తింపు పరిధిలో ఉందా అని అడగండి, ఫీజు ముందే కనుక్కోండి. రెండు నెలల్లో మూడుసార్లు, వేర్వేరు ఆదివారాలు, అదే కొట్టు పచ్చి చికెన్ పంపి 25 గ్రాములలో సాల్మొనెల్లా చూడమనండి. దాంతోపాటు మీరు వండిన కూర ఒక కప్పు, అదీ పొద్దున్నది కాదు, అమ్మకం ముగిసే ముందు మిగిలినది, పంపి మొత్తం బ్యాక్టీరియా లెక్క, ఈ.కోలి (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా), స్టెఫిలోకాకస్ ఆరియస్, సాల్మొనెల్లా చూడమనండి. ఇంకా వీలైతే కడిగి ఆరబెట్టిన కోత పలక మీద స్వాబ్, అంటే దూదిపుల్లతో తుడిచిన నమూనా, తీయించండి. మీ పనితనం తెలిసేది వీటిలోనే. నమూనాకి ల్యాబువాళ్లే స్టెరైల్ కవర్ ఇస్తారు. గడ్డకట్టించకుండా ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు అందించండి. మూడు పచ్చి నమూనాల్లో రెండు పాజిటివ్ వస్తే అప్పుడు కొట్టు మార్చే విషయం ఆలోచించొచ్చు.

కొట్టువాళ్ల మీద గట్టిగా నిలదీసే పరిస్థితి వస్తే ఒక దారి ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం కొనుక్కున్న మామూలు మనిషి కూడా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, కాకపోతే కొనేటప్పుడే ఆ సంగతి అమ్మేవాళ్లకి చెప్పాలి. సరుకు చట్టానికి విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ఫిర్యాదు చేయాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100.

నాటుకోడి గురించి విన్నది నిజం కాదు. పెరట్లో పెంటకుప్ప కెలికే కోడికి సాల్మొనెల్లా దొరకదని ఎందుకనుకుంటారు? అదీ అంతే జాగ్రత్తగా వండాలి. అలాగే చికెన్‌లో సాల్మొనెల్లా అనగానే టైఫాయిడ్ అని భయపడతారు, టైఫాయిడ్ తెచ్చే రకం మనిషి నుంచి మనిషికే వస్తుంది, కోడి నుంచి కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అనగానే ఇక్కడ చికెన్ కొట్లు వెలవెలబోయాయి. అది వైరస్, ఉడికితే చస్తుంది. ఏడాది పొడుగునా ఉండే బ్యాక్టీరియా గురించి మాత్రం ఎవరికీ టెన్షన్ ఉండదు, అదే నాకు దిగులు.

కోళ్ల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా కాంపైలోబాక్టర్ అని ఇంకోటి ఉంది. పట్టుకోవడం ఇంకా కష్టం, మామూలు గాలిలో సరిగ్గా పెరగదు, ఆక్సిజన్ 5 శాతానికి తగ్గించిన డబ్బాలో 42 డిగ్రీల దగ్గర రెండు రోజులు పెంచాలి. ఇది సోకినవాళ్లలో చాలా కొద్దిమందికి కొన్ని వారాల తర్వాత గులియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చి కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. 2025 మొదట్లో పుణెలో ఆ కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు కొందరు రోగుల నమూనాల్లో ఈ బ్యాక్టీరియానే దొరికింది. ఇది కూడా 75 డిగ్రీల దగ్గర చస్తుంది.

మీ ఇంట్లో గానీ గిరాకీ ఇంట్లో గానీ ఎవరికైనా మళ్లీ ఇలా అయితే ముందు ఓఆర్ఎస్ తాగించండి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేయకండి. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, మూత్రం తగ్గిపోవడం, ఏడాదిలోపు పాప, గర్భిణి, పెద్దవయసువాళ్లు అయితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మిగిలిన కూరని పారేయొద్దని చెప్పండి, శుభ్రమైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే అసలు దోషి ఎవరో పరీక్షలో తేలే అవకాశం ఉంటుంది.

ఆ ఇంటికి మీరిద్దరూ ఒకసారి వెళ్లి రండి. వాదించడానికి కాదు, పిల్లలెలా ఉన్నారో అడిగి, కూర ఎన్నింటికి తిన్నారు, ఎక్కడ పెట్టారు, వాంతులు ఎన్నింటికి మొదలయ్యాయి అని కనుక్కుని రాసుకోండి. ఆ ఆదివారం మీలో ఎవరి చేతికైనా గాయం గానీ సెగ్గడ్డ గానీ ఉందా అని కూడా గుర్తుచేసుకోండి, ఉంటే గ్లవ్స్ లేకుండా కూర ముట్టుకోకూడదు. మొదటి రిపోర్టు వచ్చాక నాకు రాయండి, నమూనా ఎన్ని గంటలకు తీశారో, ల్యాబుకి ఎన్ని గంటలకు చేరిందో కూడా అందులో రాయండి, చూసి చెబుతాను.